వాకిట్లో నిలబడ్డ సర్వర్: రివర్స్ ప్రాక్సీ దగ్గర ఏది తప్పుతుంది, ఎందుకు

పరీక్ష ఫలితాలు వచ్చే రోజు, లేదా ఏదో దరఖాస్తుకు ఆఖరి తేదీ రాత్రి, తెల్లటి పేజీ మీద "502 బ్యాడ్ గేట్‌వే" అని, దాని కింద గీత, ఆ గీత కింద "ఇంజిన్‌ఎక్స్" అన్న పేరు చాలామంది చూసే ఉంటారు. (ఇంగ్లిషులో ఐదు అక్షరాల పొట్టి పేరు అది. ఎన్‌జింక్స్ అని చదివేవాళ్లూ ఉన్నారు గానీ, పెట్టినవాళ్లు పలికేది ఇంజిన్ ఎక్స్ అనే.) పేజీ చూసినవాళ్లకు ఆ పేరు గలదేదో పాడైందని అనిపించడం సహజం. జరిగింది మాత్రం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆ పేజీని పంపింది ఇంజిన్‌ఎక్సే. పంపగలిగిందంటే అది నిక్షేపంగా బతికే ఉందన్నమాట. వెనక ఉన్న అసలు అప్లికేషన్ పలకలేదు, ఆ సంగతిని వాకిట్లో నిలబడి చెబుతోంది. అలా వాకిట్లో నిలబడే సర్వర్నే రివర్స్ ప్రాక్సీ అంటారు.

మామూలు ప్రాక్సీ వాడేవాళ్ల వైపు ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో అందరి తరఫునా బయటికి వెళ్లి పేజీలు తెచ్చిపెడుతుంది. రివర్స్ ప్రాక్సీ సైట్ నడిపేవాళ్ల వైపు ఉంటుంది. బయటివాళ్లకు అదే సైట్. వెనక నడిచే ప్రోగ్రామ్ ఏ భాషలో రాసిందో, ఏ పోర్టులో (సర్వర్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కు ఉండే తలుపు నంబరు) ఉందో, ఒకటుందో పదున్నాయో బయటికి తెలియదు.

దీన్ని పెట్టడం పెద్ద పనేం కాదు. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ_పాస్ అనే ఒక్క లైను రాసి, అప్లికేషన్ ఏ చిరునామాలో ఉందో చెబితే పేజీ వచ్చేస్తుంది. తంటా అంతా ఆ తర్వాత మొదలవుతుంది. పేజీ రావడమూ, అప్లికేషన్‌కు బయటి సంగతులు సరిగ్గా చేరడమూ రెండూ ఒకటి కావు.

అసలు మధ్యలో ఇంకొకరు ఎందుకు?

జాంగోలో (పైథాన్ భాషలో సైట్లు రాసే పరికరం) రాసిన ఒక చిన్న పుస్తకాల దుకాణం సైట్ అనుకుందాం. దాన్ని గునికార్న్ అనే ప్రోగ్రామ్ నాలుగు వర్కర్లతో, అంటే పని చేసే నాలుగు ప్రాసెస్‌లతో, నడుపుతోంది. సాధారణ వర్కర్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది. సైట్‌లో ఒక పేజీ 300 కిలోబైట్లు ఉంది. సిగ్నల్ సరిగ్గా అందని ఊళ్లో ఒక ఫోన్ సెకనుకు 30 కిలోబైట్ల వేగంతో దాన్ని దించుకుంటోంది. పేజీ తయారు చేయడానికి వర్కర్‌కు పట్టింది సెకనులో పదో వంతు. దాన్ని ఆ ఫోన్‌కు అందించడానికి దాదాపు పది సెకన్లు. ఆ పది సెకన్లూ వర్కర్ ఇంకో పని చేయకుండా చేయి చాచి నిలబడి ఉంటుంది. అలాంటి ఫోన్లు నాలుగు ఒకేసారి వస్తే దుకాణం మూసినట్టే. ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, మెమరీ ఖాళీగా ఉంటుంది, సైట్ మాత్రం తెరుచుకోదు.

మధ్యలో ఇంజిన్‌ఎక్స్ ఉంటే వర్కర్ ఆ 300 కిలోబైట్లనూ కన్నుమూసి తెరిచేలోగా దాని చేతిలో పెట్టి తర్వాతి పనికి వెళ్లిపోతుంది. నిదానంగా అందించే పని ఇంజిన్‌ఎక్స్‌ది. ఈ దాచి ఉంచడాన్నే బఫరింగ్ అంటారు, అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మెమరీలో పట్టనిది తాత్కాలిక ఫైల్లోకి వెళుతుంది. పైకి వచ్చే డేటాకూ ఇదే పద్ధతి: ఎవరైనా నెమ్మదిగా ఒక ఫోటో పంపుతుంటే, అది మొత్తం వచ్చాకే అప్లికేషన్‌కు కబురు వెళుతుంది. గునికార్న్ సొంత డాక్యుమెంటేషన్ కూడా తనను నేరుగా బయట పెట్టొద్దని, ముందు ప్రాక్సీ ఉంచమని గట్టిగా చెబుతుంది, నెమ్మది క్లయింట్లనే కారణంగా చూపిస్తుంది.

మరి ఇంజిన్‌ఎక్స్ మాత్రం ఎలా తట్టుకుంటుంది? 1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో ఒక ప్రశ్న వేశాడు: ఒకే సర్వర్ ఒకేసారి పదివేల కనెక్షన్లను ఎందుకు మోయలేకపోతోంది? అప్పటి పద్ధతి ప్రకారం ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్‌నో థ్రెడ్‌నో కేటాయించేవారు. కనెక్షన్ ఊరికే కూర్చున్నా ఆ ప్రాసెస్ మెమరీ తింటూనే ఉండేది. రష్యాలో రాంబ్లర్ సంస్థలో పనిచేస్తున్న ఇగోర్ సిసోయెవ్ 2002లో వేరే దారిలో రాయడం మొదలుపెట్టి, 2004లో ఇంజిన్‌ఎక్స్‌ను అందరికీ విడుదల చేశాడు. ఇందులో వర్కర్లు కొద్దిమందే. ఒక్కో వర్కర్ వేల కనెక్షన్లను చూసుకుంటూ, ఎక్కడ డేటా వస్తే అక్కడికి వెళుతుంది, లేదంటే ఆగదు. పెళ్లి భోజనాల్లో ఒక్కో అతిథికి ఒక్కో మనిషిని నిలబెట్టడానికీ, బంతిలో అటూ ఇటూ తిరుగుతూ ఎవరి విస్తరి ఖాళీ అయితే వాళ్లకు వడ్డించడానికీ ఉన్న తేడా అది.

ఇక్కడే అసలు చిక్కు కూడా పుడుతుంది. అప్లికేషన్ బయటివాళ్ల ముఖం చూడటం మానేసింది. ఇప్పుడున్నవి రెండు వేర్వేరు కనెక్షన్లు: బ్రౌజర్ నుంచి ప్రాక్సీకి ఒకటి, ప్రాక్సీ నుంచి అప్లికేషన్‌కు మరొకటి. మొదటి కనెక్షన్‌లో తెలిసిన సంగతులు రెండోదాంట్లోకి వాటంతట అవి రావు. వచ్చినవాడు ఎవరు, ఏ పేరు అడిగాడు, తాళం వేసిన దారిలో వచ్చాడా మామూలు దారిలోనా, ఎంతసేపు ఆగడానికి సిద్ధం అనేవి ప్రాక్సీ చేరవేస్తేనే చేరతాయి. రివర్స్ ప్రాక్సీ కాన్ఫిగరేషన్‌లో ఎదురయ్యే కష్టాల్లో చాలా భాగం ఈ చేరవేతలో పోయినవో, మారినవో, లేదా చేరవేసిన మాటను నమ్మకూడని చోట నమ్మినవో. వేగం గురించి ఎంతో చర్చ జరుగుతుంది గానీ, నిజంగా దెబ్బతీసేది ఇదే.

పేరు పోవడం

బ్రౌజర్ ప్రతి రిక్వెస్ట్‌లోనూ హోస్ట్ అనే హెడర్‌లో (రిక్వెస్ట్‌కు తగిలించే చీటీ లాంటి లైను) సైట్ పేరు పంపుతుంది. ఇంజిన్‌ఎక్స్‌కు వేరే ఏమీ చెప్పకపోతే, వెనక్కి పంపేటప్పుడు ఆ పేరు తీసేసి ప్రాక్సీ_పాస్ లైన్లో రాసిన చిరునామాను పెడుతుంది. అంటే అప్లికేషన్‌కు తన పేరు "127.0.0.1:8000" అని వినబడుతుంది (127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా తన సొంత చిరునామా, 8000 పోర్టు నంబరు). జాంగో అయితే అనుమతించిన పేర్ల జాబితాలో అది లేదని వెంటనే 400 (తప్పు రిక్వెస్ట్) ఇచ్చి ఆగిపోతుంది. అలా ఆగడమే నయం. చాలామంది ఆ లోపం ఎందుకొచ్చిందో చూడకుండా జాబితాలో నక్షత్రం గుర్తు పెట్టేస్తారు, అంటే ఏ పేరైనా సరే అని. సైట్ తెరుచుకుంటుంది, అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్లకు ఎవరో పాస్‌వర్డ్ మర్చిపోతారు. వాళ్లకు వెళ్లిన మెయిల్‌లోని లింకు నొక్కితే అది వాళ్ల సొంత కంప్యూటర్ ఎనిమిది వేల నంబరు పోర్టుకే తీసుకెళుతుంది.

పరిష్కారం ఒక్క లైను: ప్రాక్సీ_సెట్_హెడర్‌తో వచ్చిన హోస్ట్‌ను మక్కీకి మక్కీ వెనక్కి పంపడం. అపాచీ అనే మరో వెబ్ సర్వర్‌లో ఇదే పనికి ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆన్ చేయాలి, అక్కడ కూడా అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. క్యాడీ అనే ఇంకో సర్వర్ మాత్రం ఏమీ చెప్పకుండానే అసలు పేరును వెనక్కి పంపుతుంది. చిన్న సైట్లకు క్యాడీని సిఫారసు చేయడానికి దాని ఆటోమేటిక్ సర్టిఫికెట్లనే అందరూ కారణంగా చెబుతారు, ఈ సంగతి కూడా అంతే విలువైనది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బయటివాడు హోస్ట్‌లో తనకిష్టమైన పేరు రాసి పంపవచ్చు. ఇంజిన్‌ఎక్స్‌కు ఆ పేరుతో సర్వర్ బ్లాకు (కాన్ఫిగ్‌లో ఒక్కో సైట్‌కు రాసే భాగం) దొరక్కపోతే ఊరుకోదు, ఆ పోర్టుకు మొదట రాసి ఉన్న బ్లాకుకే అప్పగిస్తుంది. అందుకే ఏ పేరుకూ చెందని రిక్వెస్ట్‌ల కోసం అన్నిటికంటే ముందు ఒక ఖాళీ బ్లాకు పెట్టి, 444తో కనెక్షన్ మూసేయడం మంచి అలవాటు. 444 అన్నది ప్రమాణాల్లో ఉన్న కోడ్ కాదు, జవాబు చెప్పకుండా తలుపు వేసెయ్ అని ఇంజిన్‌ఎక్స్‌కు మాత్రమే అర్థమయ్యే మాట.

ఎవరు వచ్చారు?

ప్రాక్సీ వెనక ఉన్న అప్లికేషన్ లాగ్ తెరిస్తే అందరూ 127.0.0.1 నుంచే వచ్చినట్టు కనిపిస్తారు. వచ్చినవాడి అసలు చిరునామా చెప్పడానికి ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే హెడర్ వాడతారు. ఇది స్క్విడ్ అనే పాత ప్రాక్సీ తెచ్చిన అలవాటు. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7239 అనే ఇంటర్నెట్ ప్రమాణం దీనికి బదులుగా ఫార్వర్డెడ్ అనే పద్ధతైన హెడర్‌ను నిర్ణయించింది, అయినా వాడుకలో నిలిచింది పాతదే.

ఇంజిన్‌ఎక్స్ గురించి రాసిన పాఠాల్లో ఎక్కువగా కనిపించే లైను, వచ్చిన ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ విలువ చివర వచ్చినవాడి చిరునామాను చేర్చి పంపమనేది. ఈ "చివర చేర్చి" అన్న మాట దగ్గర ఆగి చూడాలి. 203.0.113.7 నుంచి వచ్చిన ఒక పోకిరీ తనే ముందుగా ఆ హెడర్‌లో 127.0.0.1 అని రాసి పంపాడనుకోండి. ప్రాక్సీ దాన్ని చెరపదు. అప్లికేషన్‌కు "127.0.0.1, 203.0.113.7" అని చేరుతుంది. ఇప్పుడు అప్లికేషన్ రాసినవాళ్లు "మొదటిదే అసలు క్లయింట్" అని ఎక్కడో చదివి ఎడమవైపు చిరునామాను తీసుకుంటే, ఆ పోకిరీ ఇంట్లో మనిషైపోయాడు. అడ్మిన్ పేజీని లోపలి చిరునామాలకే పరిమితం చేసి ఉంటే అది తెరుచుకుంటుంది. తప్పు పాస్‌వర్డ్‌లు లెక్కపెట్టి అడ్డుకునే ఏర్పాటు ఉంటే, ప్రతిసారీ కొత్త అబద్ధం రాసి తప్పించుకుంటాడు.

ఈ వరసలో నమ్మదగినది కుడివైపు చివరిది మాత్రమే. ఎందుకంటే దాన్ని రాసింది సొంత ప్రాక్సీ, అదీ తనకు కనెక్షన్ కలిపినవాడిని కళ్లారా చూసి. దానికి ఎడమవైపున్నవన్నీ చెప్పుడు మాటలు. ముందు ఒకే ప్రాక్సీ ఉన్నప్పుడు చేర్చే గొడవే అక్కర్లేదు, వచ్చిన హెడర్ మొత్తాన్నీ కొట్టేసి తాను చూసిన చిరునామా ఒక్కటే రాసి పంపడం మేలు. క్యాడీ అలాగే చేస్తుంది: నమ్మదగిన ప్రాక్సీలు ఇవీ అని చెప్పనంత వరకు బయటి నుంచి వచ్చిన ఆ హెడర్‌ను లెక్కచేయదు.

ఇంజిన్‌ఎక్స్‌కు ముందు ఒక సీడీఎన్ (సైట్ పేజీలను తన సర్వర్ల నుంచి అందించే సేవ) ఉన్నప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు ఇంజిన్‌ఎక్స్ చూసేదే సీడీఎన్ చిరునామాని. రియల్ ఐపీ మాడ్యూల్‌లో సీడీఎన్ ప్రకటించిన చిరునామాల శ్రేణులను ఒక్కొక్కటిగా రాసి, అక్కడి నుంచి వచ్చినప్పుడే హెడర్‌ను నమ్మమనాలి. ఆ జాబితా రాయడానికి బద్ధకించి 0.0.0.0/0 అని పెట్టేవాళ్లున్నారు. అంటే ప్రపంచంలో ఎవరు చెప్పినా నమ్మమని అర్థం, అసలు ఆ మాడ్యూల్ పెట్టకపోతేనే ఇంతకంటే భద్రం. మరోవైపు, ఈ మాడ్యూల్ లేకుండా చిరునామాను బట్టి రిక్వెస్ట్‌ల సంఖ్యకు హద్దు పెడితే, సీడీఎన్ ద్వారా వచ్చే వేలమంది కొద్ది చిరునామాల కింద లెక్కకొచ్చి అందరికీ ఒకేసారి తలుపులు మూసుకుంటాయి. సీడీఎన్ లేకపోయినా మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. మొబైల్ కంపెనీలు చాలామంది చందాదారులను ఒకే ఐపీవీ4 చిరునామా వెనక ఉంచుతాయి, కాబట్టి ఒక చిరునామా అంటే ఒక మనిషి అనే లెక్క ఇక్కడ మరీ పచ్చి అబద్ధం.

ఇంత జాగ్రత్తపడీ వదిలేసే దొడ్డిదారి ఒకటుంది. అప్లికేషన్ 8000 పోర్టును అన్ని చిరునామాల మీదా వింటూ ఉంటే, బయటివాడు ప్రాక్సీని పలకరించకుండా నేరుగా అక్కడికే వెళ్లి ఇష్టమొచ్చిన హెడర్లు రాసుకుంటాడు. వాకిట్లో కావలి పెట్టి పెరటి తలుపు తీసి ఉంచినట్టు. అప్లికేషన్‌ను 127.0.0.1కో, యూనిక్స్ సాకెట్‌కో (అదే కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌లు ఒక ఫైలు ద్వారా మాట్లాడుకునే దారి) కట్టేయాలి. డాకర్ (అప్లికేషన్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే పరికరం) వాడేవాళ్లు ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి. "8000:8000" అని పోర్టు ప్రకటిస్తే డాకర్ తన నియమాలను సొంతంగా లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో రాసుకుంటుంది. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో ఆ పోర్టు మూసి ఉన్నట్టు కనిపిస్తున్నా బయటికి తెరిచే ఉంటుంది. ముందు 127.0.0.1 చేర్చి "127.0.0.1:8000:8000" అని రాస్తే ఈ పీడ ఉండదు.

ఏ దారిన వచ్చారు?

సర్టిఫికెట్ పెట్టి హెచ్‌టీటీపీఎస్, అంటే తాళం వేసిన దారి, ఇవ్వడం ప్రాక్సీ పని. సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 చివర్లో అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇది ఉచితం కూడా అయింది. ప్రాక్సీ తాళం తీసి, లోపలికి మామూలు హెచ్‌టీటీపీలో పంపుతుంది. ఇక్కడే ప్రసిద్ధమైన వలయం. అప్లికేషన్‌లో "మామూలు దారిలో వచ్చినవాళ్లను హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించు" అనే సెట్టింగ్ ఉంది. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చింది, కానీ అప్లికేషన్‌కు కనిపించింది హెచ్‌టీటీపీ. మళ్లించింది. బ్రౌజర్ మళ్లీ అదే చిరునామాకు వచ్చింది. అప్లికేషన్ మళ్లీ మళ్లించింది. చివరికి బ్రౌజరే విసిగి, దారి మళ్లింపులు మరీ ఎక్కువయ్యాయని ఆగిపోతుంది.

ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌లో అసలు దారిని చెప్పడం, అప్లికేషన్‌కు దాన్ని నమ్మమని చెప్పడం, రెండూ చేయాలి. జాంగోలో సెక్యూర్_ప్రాక్సీ_ఎస్‌ఎస్‌ఎల్_హెడర్, జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్ మీది ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ. ఒకటి చేసి రెండోది మరిచిపోవడం పరిపాటి. రెండు ప్రాక్సీలు వరసగా ఉంటే ఇంకో తిరకాసు: బయటిది హెచ్‌టీటీపీఎస్ అని చెప్పి పంపుతుంది, లోపలిది తన కనెక్షన్ హెచ్‌టీటీపీ కాబట్టి దాన్ని చెరిపి హెచ్‌టీటీపీ అని రాస్తుంది. లోపలిది అబద్ధం చెప్పలేదు, తాను చూసింది చెప్పింది. కానీ అడిగిన ప్రశ్న అది కాదు.

ఇవన్నీ సరిగ్గా రాసి కూడా దెబ్బతినే తీరు ఇంజిన్‌ఎక్స్‌లో ఒకటుంది. హోస్ట్, చిరునామా, దారి మూడింటినీ సర్వర్ బ్లాకులో శుభ్రంగా రాశారు. తర్వాత ఒక లొకేషన్ బ్లాకులో (సర్వర్ బ్లాకు లోపల ఒక్కో దారికి రాసే భాగం) ఏదో అవసరానికి ఒక్క ప్రాక్సీ_సెట్_హెడర్ చేర్చారు. పై మూడింటికీ ఇది నాలుగోది అవుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా కాదు. లోపలి బ్లాకులో ఆ జాతి లైను ఒక్కటి కనిపించినా పైనున్నవన్నీ ఆ బ్లాకుకు రద్దవుతాయి. హెచ్చరిక ఉండదు, లోపం చూపదు. ఆ ఒక్క దారిలో వచ్చే రిక్వెస్ట్‌లకు మాత్రమే పేరు మారిపోతుంది. ఈ డిజైన్‌కు సమర్థనలు ఉండొచ్చు గానీ, మనుషులు చదివే తీరుకు ఇది ఎదురు నడుస్తుంది. మూడు లైన్లనూ వేరే ఫైల్లో పెట్టి, అవసరమైన ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేసుకోవడమే ఆచరణలో దారి.

ఒక్క గీత

లొకేషన్‌లో "/ఏపీఐ/" అని ఉంది, ప్రాక్సీ_పాస్‌లో పోర్టు నంబరు దగ్గర ఆగిపోయారు. అప్పుడు "/ఏపీఐ/పుస్తకాలు" అన్న దారి ఉన్నదున్నట్టు వెనక్కి వెళుతుంది. అదే పోర్టు నంబరు తర్వాత ఒక్క ఏటవాలు గీత పెడితే, "/ఏపీఐ/" అన్న ముక్క ఊడిపోయి "/పుస్తకాలు" అని వెళుతుంది. లొకేషన్‌లో చివరి గీత మరిచి ప్రాక్సీ_పాస్‌లో పెడితే "//పుస్తకాలు" అని రెండు గీతలతో చేరుతుంది, చాలా అప్లికేషన్లు దానికి 404 ఇస్తాయి. మూడూ వ్యాకరణ ప్రకారం సరైనవే, కాబట్టి ఇంజిన్‌ఎక్స్ ఏమీ అనదు.

404 వస్తే కనీసం తెలుస్తుంది. ఎలియాస్‌తో (ఒక దారిని డిస్క్‌లోని ఫోల్డర్‌కు కట్టే లైను) స్టాటిక్ ఫైళ్లు ఇచ్చేటప్పుడు ఇదే గీత పొరపాటు దొంగకు దారి చూపిస్తుంది. లొకేషన్ "/స్టాటిక్" అని చివర గీత లేకుండా, ఎలియాస్ ఫోల్డర్ పేరు గీతతో ఉంటే, "/స్టాటిక్../" అని అడిగినవాడికి ఆ ఫోల్డర్‌కు పైమెట్టు తెరుచుకుంటుంది. అక్కడే సెట్టింగుల ఫైలు, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్. 2018 బ్లాక్ హ్యాట్ భద్రతా సదస్సులో తైవాన్ పరిశోధకుడు ఆరెంజ్ ట్సాయ్ ఇలాంటి వాటినే ఉదాహరణలుగా చూపించాడు. ఆయన చెప్పిందాని సారం ఈ వ్యాసం మొదట్లో అన్నదానికి దగ్గరదే: ఒకే దారిని ఇద్దరు వేర్వేరుగా చదివితే ఆ సందులోంచే లోపలికి వస్తారు.

రిక్వెస్ట్ స్మగ్లింగ్ అనేది ఆ సందుకు మరీ ఘోరమైన రూపం. ఒక రిక్వెస్ట్ ఎక్కడ ముగిసిందో ప్రాక్సీ ఒక హెడర్ చూసి, అప్లికేషన్ మరో హెడర్ చూసి నిర్ణయిస్తే, మిగిలిన ముక్క తర్వాతి మనిషి రిక్వెస్ట్‌కు అతుక్కుంటుంది. 2005లోనే బయటపడ్డ ఈ దాడిని అందరూ మరిచిపోయారు, 2019లో భద్రతా పరిశోధకుడు జేమ్స్ కెటిల్ పెద్ద పెద్ద సైట్ల మీద అది ఇంకా పనిచేస్తోందని చూపించాడు. కాన్ఫిగరేషన్‌తో దీనికి చేయగలిగింది తక్కువ, రెండు వైపులా సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేస్తూ ఉండటమే.

ఎంత బరువు, ఎంతసేపు?

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. అప్లికేషన్ 20 మెగాబైట్ల ఫైలు తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, వాకిట్లోనే 413 కోడ్‌తో వెనక్కి పంపేస్తారు. ఇంజిన్‌ఎక్స్‌లో క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ మనం మార్చకపోతే 1 మెగాబైట్ మాత్రమే. ఇప్పటి ఫోన్ కెమెరా తీసే ఫోటో ఒక్కటి అంతకు మించుతుంది. అప్లికేషన్ లాగ్‌లో ఈ రిక్వెస్ట్ ఆనవాలే ఉండదు కాబట్టి, డెవలపర్ తన కోడ్‌లో గంటలు వెతుకుతాడు.

కాలపరిమితుల సంగతి ఇంతకంటే ఆసక్తికరం. వెనక నుంచి 60 సెకన్ల పాటు ఒక్క ముక్క కూడా రాకపోతే ఇంజిన్‌ఎక్స్ 504 గేట్‌వే టైమౌట్ అంటుంది. పెద్ద నివేదిక తయారవడానికి 90 సెకన్లు పడితే 504 రావాలి కదా? పైన చెప్పిన దుకాణంలో 502 వస్తుంది. ఎందుకంటే గునికార్న్ మొదటి నుంచీ ఉంచుకున్న గడువు 30 సెకన్లు. ముప్పై దాటగానే అది తన వర్కర్‌ను తనే చంపేస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌కు అర్ధాంతరంగా తెగిన కనెక్షన్ కనిపించి 502 ఇస్తుంది. ఇప్పుడు ఇంజిన్‌ఎక్స్ గడువును 300కు పెంచినా ఫలితం ఏమీ ఉండదు, గడియారం అక్కడ లేదు. రెండిటినీ పెంచితే పేజీ వస్తుంది గానీ, నాలుగు వర్కర్లలో ఒకటి నిమిషంన్నర పాటు ఒక్క నివేదికకే అంకితమవుతుంది. ఓపిక లేని వినియోగదారుడు మూడుసార్లు రిఫ్రెష్ నొక్కితే నాలుగూ పోతాయి. అంతసేపు పట్టే పనిని వెనక క్యూలో వేసి, "తయారవుతోంది" అని చెప్పి పంపేయాలి, గడువు పెంచడం వైద్యం కాదు. ఈలోగా విసిగి ట్యాబ్ మూసేసినవాళ్లు లాగ్‌లో 499గా కనిపిస్తారు. అదీ ఇంజిన్‌ఎక్స్ సొంతంగా పెట్టుకున్న నంబరే. 499లు పెరుగుతున్నాయంటే సైట్ నెమ్మదించిందని వినియోగదారులు ఫిర్యాదు చేయకముందే తెలిసినట్టు.

గడియారాలు పొసగకపోతే వచ్చే ఇంకో జబ్బుతో టెన్షన్ ఎక్కువ, ఎందుకంటే అది రోజుకు పదిసార్లే కనిపిస్తుంది. వేగం కోసం ప్రాక్సీకీ అప్లికేషన్‌కూ మధ్య కనెక్షన్లను తెరిచి ఉంచుతారు. ఖాళీ కనెక్షన్‌ను ఇంజిన్‌ఎక్స్ 60 సెకన్లు ఉంచుకుంటుంది. నోడ్‌లో ఈ గడువు చాలాకాలం 5 సెకన్లుగా ఉంది. నోడ్ మూసేస్తున్న క్షణంలోనే ఇంజిన్‌ఎక్స్ ఆ కనెక్షన్‌లో కొత్త రిక్వెస్ట్ పంపిందంటే 502. రద్దీగా ఉన్నప్పుడు రాదు, కనెక్షన్లు ఖాళీగా కూర్చునే తీరిక సమయాల్లో వస్తుంది. లోడ్ టెస్టులో ఎప్పటికీ దొరకదు. వెనక వైపు గడువు ముందు వైపు గడువుకంటే ఎక్కువ ఉండాలన్న ఒక్క నియమంతో ఇది పోతుంది.

అన్నట్టు, బఫరింగ్ మంచిదని మొదట్లో చెప్పుకున్నా, అది అడ్డం పడే చోట్లూ ఉన్నాయి. కృత్రిమ మేధ జవాబులు ఒక్కో మాటా వస్తున్నట్టు చూపించే పేజీల్లో ప్రాక్సీ అన్నీ పోగేసి ఒకేసారి కుమ్మరిస్తే ఆ ముచ్చటే ఉండదు. ఆ దారికి మాత్రం బఫరింగ్ ఆపాలి, లేదా అప్లికేషనే ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ హెడర్‌లో వద్దని చెప్పవచ్చు. వెబ్‌సాకెట్లకైతే (తెరిచే ఉంచి రెండువైపులా మాట్లాడే కనెక్షన్లు) అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను చేత్తో పట్టుకుని వెనక్కి అందించాలి. ఆ రెండూ ఒక్క మజిలీకే చెల్లేవి, ప్రాక్సీ వాటిని సహజంగానే తనదగ్గర ఆపేస్తుంది.

502 వచ్చినప్పుడు చదవాల్సింది

మొదట చూసిన తెల్ల పేజీ దగ్గరికి వద్దాం. ఆ పేజీ కారణం చెప్పదు, ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ చెబుతుంది. అందులో కుండలీకరణాల్లో ఉండే నంబరే అసలు సంగతి. 111 అంటే ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు: అప్లికేషన్ పడిపోయింది, లేదా ఇంజిన్‌ఎక్స్ కంటైనర్‌లో ఉండి 127.0.0.1ను వెతుకుతోంది, కంటైనర్ లోపల ఆ చిరునామాకు అర్థం ఆ కంటైనరే. 2 అంటే సాకెట్ ఫైలే లేదు. 13 అంటే అనుమతి లేదు. రెడ్ హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో అన్నీ సరిగ్గా ఉండి కూడా 13 వచ్చిందంటే, వెబ్ సర్వర్ బయటికి కనెక్షన్ కలపడాన్ని ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ ఆపి ఉండవచ్చు. హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్ అనే స్విచ్ ఆన్ చేస్తే చాలు. ఇంటర్నెట్‌లో మాత్రం ఎస్‌ఈలైనక్స్‌నే పూర్తిగా ఆపేయమనే సలహా ముందు దొరుకుతుంది, దోమకు భయపడి ఇల్లు తగలబెట్టే సలహా అది. ఇక "హెడర్ మరీ పెద్దది" అన్న సందేశం వస్తే, అప్లికేషన్ కుకీలు ఉబ్బి 4 లేదా 8 కిలోబైట్ల బఫర్ దాటాయన్నమాట. లాగిన్ అయినవాళ్లకు మాత్రమే, అందులోనూ కొందరికే సైట్ రాకపోవడానికి ఇదొక తరచు కారణం.

కాన్ఫిగ్ మార్చాక "ఇంజిన్‌ఎక్స్ హైఫన్ టీ" నడిపి, సరే అంటే రీలోడ్ చేయడం అందరికీ తెలిసిందే. రీలోడ్‌లో పాత వర్కర్లు చేతిలో ఉన్న రిక్వెస్ట్‌లు ముగించుకుని వెళతాయి, కొత్తవి కొత్త కాన్ఫిగ్‌తో వస్తాయి, ఎవరి రిక్వెస్టూ మధ్యలో తెగదు. కానీ ఆ హైఫన్ టీ చూసేది ప్రధానంగా వ్యాకరణాన్నే. పైన చెప్పుకున్న తప్పుల్లో దాదాపు ఏదీ దానికి చిక్కదు. అది సరే అన్నాక చేయాల్సిన పరీక్ష వేరే ఉంది. సర్వర్ ఉన్న నెట్‌వర్క్ బయట, మొబైల్ డేటా మీద ఉన్న ఒక ల్యాప్‌టాప్ నుంచి, కర్ల్ అనే కమాండ్‌తో ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌లో 127.0.0.1 అని కావాలనే అబద్ధం రాసి ఒక రిక్వెస్ట్ పంపాలి. మరొకటి హోస్ట్‌లో ఊరూపేరూ లేని పేరు పెట్టి పంపాలి. ఇంకొకటి నేరుగా 8000 పోర్టుకు పంపాలి. మూడోది అసలు చేరకూడదు, రెండోదానికి జవాబు లేకుండా తలుపు మూసుకోవాలి. మొదటిది చేరాక అప్లికేషన్ లాగ్ తెరిస్తే, అక్కడ మొబైల్ కంపెనీ ఇచ్చిన చిరునామా కనిపించాలి. 127.0.0.1 కనిపిస్తే మళ్లీ కాన్ఫిగ్ ఫైలు తెరవాలి.